జపాన్ తాత దగ్గు

జపాన్ వాళ్ళ కార్టూనుకి తెలుగు నేర్పింది నేనే.

ఈ మాట గోదావరి గట్టు మీద సాయంత్రం నడకలో కనీసం రెండొందల మందికి చెప్పి ఉంటాను. యాభై రెండు భాగాలూ నా చేతి మీదుగానే తెలుగులోకి దిగాయని చెప్పాను. హైదరాబాదు స్టూడియోలో నా నడుముకి తగ్గట్టు ప్రత్యేకంగా కుర్చీ చేయించారని చెప్పాను. టోక్యో నుంచి ఫోను చేసి, ‘మా తాతగారి పాత్రకి మీ గొంతు తప్ప వేరే గొంతు అతకడం లేదండీ’ అని బతిమాలారని కూడా చెప్పాను. జపాన్ వాళ్ళు ‘అండీ’ అంటారా అని ఒక రిటైరైన బ్యాంకు ఆఫీసరు గారు అడిగారు. మన వైపు వాళ్ళతో మాట్లాడేటప్పుడు అంటారు అన్నాను.

గట్టు మీద గాలి బాగా వీస్తుంది, మాట దానంతటదే సాగుతుంది. కాగితం ముందు కూర్చుంటే అలా కాదు. పెన్ను పట్టుకున్న చేతికి బద్ధకం ఎక్కువ, అబద్ధానికి ఓవర్‌టైం చేయనంటుంది. కాబట్టి ఇక్కడ వీలైనంత వరకు జరిగింది జరిగినట్టే రాస్తాను. ఎక్కడైనా సాగితే పక్క పేరాలో కుదిస్తాను.

రాజమహేంద్రవరంలో మెయిన్ రోడ్డు నుంచి పక్కకి తిరిగే ఒక సందులో మాకు ఫ్యాన్సీ షాపు ఉంది. మా నాన్నగారు అందులో రిబ్బన్లు, గాజులు, తిలకం సీసాలు అమ్మారు. నేను వాటి పక్కన రబ్బరు బంతులు, ప్లాస్టిక్ కార్లు, కీ ఇస్తే గంతులేసే కోతులు చేర్చాను. మా అమ్మాయి వచ్చి రిబ్బన్లూ గాజులూ ఎత్తేసి షాపు మొత్తం బొమ్మలతో నింపింది. మాది వర్తకుల ఇల్లు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా బాగా బేరమాడతారు, కాకపోతే గుమ్మం లోపల నిలబడి ఆడతారు. గల్లాపెట్టె ముందు కూర్చున్న మొదటి ఆడపిల్ల మా అమ్మాయే.

‘అమ్మాయిని షాపులో కూర్చోబెట్టారేంటండీ’ అని బజారులో అడిగినవాళ్ళందరికీ, ‘రోజులు మారాయి కదండీ, నేనే పట్టుబట్టి కూర్చోబెట్టాను’ అని చెప్పేవాణ్ణి. ఇదిగో, ఇది సాగింది. నేను ఆరునెలలు ఒప్పుకోలేదు. ఒక వర్షాకాలం మోకాళ్ళు పట్టేసి మంచం ఎక్కితే, తాళంచెవులు తీసుకుని తనే వెళ్ళింది. నేను లేచి వెళ్ళేసరికి నా కుర్చీ గల్లా ముందు నుంచి గోడ పక్కకి జరిగి ఉంది. నేను వెళ్ళి ఆ గోడ పక్కన కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను.

అలా కూర్చుని ఉండగా వచ్చింది ఈ బొంగరాల వ్యవహారం.

పిల్లల ఛానెల్లో రోజూ సాయంత్రం అయిదింటికి ఒక జపాన్ కార్టూను తెలుగులో రావడం మొదలైంది. కొండల మధ్య ఊళ్ళో ఉండే ఒక కుర్రాడు బొంగరాలతో పోటీలు ఆడుతూ ఊరూరా తిరుగుతాడు. ఒక్కో బొంగరంలో ఒక్కో గాలి దాగి ఉంటుంది. కొండగాలి, ఎడారిగాలి, సముద్రపు గాలి, తుఫాను. గిన్నెలాంటి పళ్ళెంలో రెండు బొంగరాలు వదులుతారు. ఏది ముందు ఆగిపోతే అది ఓడినట్టు. కార్టూనులో ఏ రంగు బొంగరం తిరిగిందో అదే రంగు బొంగరం, అదే పళ్ళెం పెట్టెలో పెట్టి కంపెనీ వాళ్ళు అమ్ముతారు.

ఆ కంపెనీ ఏరియా మేనేజరు మా షాపుకొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి నాకూ మా అమ్మాయికీ మొదటి భాగం చూపించాడు. టై కట్టుకున్న మనిషి, చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు.

“మేం బొమ్మ అమ్మం అంకుల్. కథ చూపిస్తాం. బొమ్మ దానంతటదే పోతుంది.”

“కథ జపాన్ వాళ్ళది కదా బాబూ, మన పిల్లలకి ఎలా ఎక్కుతుంది?”

“మార్చేస్తాం అంకుల్. పేర్లు మారుస్తాం, పాట మారుస్తాం. అక్కడ ఇరవై నాలుగు నిమిషాలు, మనకి ఇరవై రెండే. బొమ్మ కనపడని చోటల్లా కట్ చేసేస్తాం.”

తెర మీద కథానాయకుడు మూడు కోణాలున్న అన్నం ముద్దకి నల్లటి నాచు చుట్టుకుని తింటున్నాడు. తెలుగు గొంతు మాత్రం ‘ఆహా, ఈ స్వీటు ఎంత బాగుంది’ అంది.

“స్వీటేంటయ్యా? అది అన్నం ముద్ద. మెతుకులు కనిపిస్తున్నాయి.”

“పిల్లలకి తెలీదులే అంకుల్.”

“అన్నం మెతుకు గోదావరి పిల్లలకి తెలీదా?” అని నేను గట్టిగా నిలదీశాననీ, మర్నాటి నుంచి కార్టూనులో అది పులిహోర ముద్ద అయిందనీ గట్టు మీద చెబుతుంటాను. నిలదీసిన మాట నిజం. మారడం మాత్రం ఏం మారలేదు. ఇవాళ్టికీ అది స్వీటే.

రెండు గోదావరి జిల్లాలకీ కలిపి ఒకే ఏజెన్సీ ఇస్తామన్నారు. దాన్ని మా అమ్మాయి తనే ఫోన్లు చేసి, తనే మాట్లాడి తెచ్చుకుంది. షరతు ఒకటి. వేసవి సెలవులు అయ్యేదాకా చూస్తారు. సరుకు సాఫీగా పోయి, ఫిర్యాదులు లేకపోతే ఏజెన్సీ ఖాయం చేస్తారు. తేడా వస్తే బెజవాడ పార్టీ ఒకాయన కాచుకుని ఉన్నాడు, ఆయనకిచ్చేస్తారు. మా అమ్మాయి షాపు బోర్డు మార్పించింది. మా నాన్నగారి పేరు అలాగే ఉంచి, దాని కింద కంపెనీ గుర్తు, ఆ కింద తన పేరు రాయించింది. బోర్డు ఎక్కిస్తుంటే ఎదురు షాపాయన పక్క షాపాయనతో, “ఎన్నాళ్ళుంటుందో చూద్దాం లెండి” అన్నాడు. ఆ మాట తనూ విన్నది, నేనూ విన్నాను. తను పైకి చూసి, “కుడివైపు కొంచెం పైకెత్తండి” అని బోర్డు ఎక్కించే అతనితో చెప్పింది. అంతే.

సెలవులు రాగానే సందంతా పిల్లలే. తుఫాను బొంగరం ఉందా, తుఫాను బొంగరం వచ్చిందా అని అడిగేవాళ్ళు. మా వైపు పిల్లలు కొండగాలిని పట్టించుకోలేదు, ఎడారిగాలిని అసలు ముట్టుకోలేదు, అందరికీ తుఫానే కావాలి. పేరు వినగానే ఎంత బలమైనదో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మా అమ్మాయి ఇది గమనించి, ‘మా జిల్లాలకి తుఫాను ఎక్కువ పంపండి’ అని కంపెనీకి రాసింది. అలా రాసిన ఏజెంటు అంతకుముందు ఎవరూ లేరట.

రెండు వారాలు గడిచాక పగిలిన బొంగరాలు రావడం మొదలైంది. ముందు ఒకటీ రెండూ. తర్వాత అమలాపురం నుంచి, తణుకు నుంచి, నరసాపురం నుంచి షాపుల వాళ్ళు సంచుల్లో పంపించారు. అంచు విరిగినవి, నడిమికి చీలినవి. నేలకేసి కొట్టినా పగలని ప్లాస్టిక్ అది. మా అమ్మాయి ఒక్కో ముక్కా వెలుతురులో పెట్టి చూసేది. అన్నిట్లోనూ పై భాగాన ఒకేలాంటి చిన్న గుంట ఉంది. ఎవరో మేకు దించినట్టు.

“ఏంటి నాన్నా ఇది?”

“ఎండకి పెళుసైపోయి ఉంటుందమ్మా,” అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆ పూటకి.

మా సందు మొదట్లో ఒకావిడ చేపలు అమ్ముతుంది. వాళ్ళాయన గోదావరిలో వల వేస్తాడు, ఈవిడ తట్ట పెట్టుకుని కూర్చుంటుంది. మేం నీచు ముట్టం కాబట్టి ముప్పై ఏళ్ళలో ఆవిడ దగ్గర ఒక్కటీ కొనలేదు, అయినా పలకరింపులకేం లోటు లేదు. మర్నాడు మా అమ్మాయి బ్యాంకుకి వెళ్ళిన వేళ ఆవిడ షాపు మెట్లు ఎక్కి, రెండు ముక్కలైన తుఫాను బొంగరాన్ని బల్ల మీద పెట్టింది.

“ఏంటండీ షావుకారు గారూ ఇది? మొన్న కొన్నాం, నిన్న పోయింది. మా మనవడు రాత్రి అన్నం ముట్టుకోలేదండి.”

“ఎలా పగిలిందమ్మా?”

“ఎలా పగిలిందేంటండీ. గిరిలో పెట్టి మేకు బొంగరాలతో తలా ఒక దెబ్బ కొడితే పగలదా మరి? ఇనపదా?”

“గిరిలో ఎవరు పెట్టమన్నారు?”

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఇంకెవరండీ, తమరే. ఓడినోడి బొంగరం గిరిలో పెట్టాలి, మిగతా వాళ్ళంతా దాన్ని మేకుతో పొడవాలి, అసలు రూలు అదీ అని ఇక్కడే కూర్చుని పిల్లలందరికీ పాఠం చెప్పారంట కదా. చెప్పి ఊరుకోకుండా చెక్క బొంగరం కూడా చేతిలో పెట్టారంట. మరి ఆడు షావుకారు తాత మాట ఇనడా?”

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. అంతకు ముందు ఏడాది నేను తుని అవతల నుంచి లక్కబొంగరాలు రెండు గోతాలు తెప్పించాను. ఎర్రవి, పసుపువి, చేత్తో తిప్పితే కళ్ళు చెదిరేవి. అడుగున ఇనప మేకు, చుట్టడానికి తాడు. ఒక్క పిల్లవాడు వాటి వంక చూడలేదు. మా అమ్మాయి వాటిని గోడౌన్‌లో వెనక్కి తోయించింది. నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఈ ప్లాస్టిక్ బొంగరాల కోసం పిల్లలు ఎగబడుతుంటే గోడ పక్కన కూర్చుని నేనేం చేశానంటే, మా అమ్మాయి అటు తిరిగినప్పుడల్లా పిల్లల్ని దగ్గరికి పిలిచి, “ఒరేయ్, ఇది సగం ఆటేరా, అసలు ఆట చెప్పనా?” అని మొదలెట్టేవాణ్ణి. మా చిన్నప్పుడు నేల మీద గుండ్రంగా గిరి గీసి, ఓడినవాడి బొంగరాన్ని అందులో పెట్టి, గెలిచినవాళ్ళంతా తమ బొంగరాల మేకుతో దాన్ని పొడిచేవాళ్ళం. చెక్క గాట్లు పడుతుంది గానీ విరగదు. ఎన్ని గాట్లుంటే అంత అనుభవం ఉన్న బొంగరమని లెక్క. “మరి పొడవడానికి మేకు కావాలిగా?” అని అడిగి, వాళ్ళు తల ఊపగానే లక్కబొంగరం తీసేవాణ్ణి. ఒక గోతం మొత్తం అలాగే ఖాళీ అయింది. పిల్లల నోటి మీదుగా ఆ రూలు బస్సులెక్కి రెండు జిల్లాలూ తిరిగింది. పెదతండ్రి ఇంటికి వెళ్ళినవాడు అక్కడ నేర్పాడు, అమ్మమ్మ ఊరు వెళ్ళినవాడు అక్కడ నేర్పాడు. జపాన్ కథలో ఓడినవాడికి ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి, నేను చెప్పిందే చట్టమైంది.

ఆ రోజు చేపలావిడకి కొత్త తుఫాను బొంగరం ఇచ్చి, “మా అమ్మాయితో అనకమ్మా” అని బతిమాలాను. ఆవిడ బొంగరం కొంగున కట్టుకుని, “ఆయ్, అలాగేనండి” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

రెండు రోజులకి మేనేజరు దిగాడు. ఒక అట్టపెట్టె నిండా పగిలిన ముక్కలు తెచ్చి గల్లాపెట్టె ముందు కుమ్మరించాడు. ఈసారి టై లేదు, అంకుల్ అన్న పిలుపూ లేదు.

“మేడమ్, ఇంకే జిల్లాలోనూ ఈ ప్రాబ్లం లేదు. మీ రెండు జిల్లాల్లోనే ఎందుకు వస్తోంది?”

“అదే చూస్తున్నాం సార్.”

“ఒరిజినల్ మెటీరియల్ ఇలా పగలదు. డూప్లికేట్ సరుకు కలుపుతున్నారేమో అని హెడ్డాఫీసులో అనుకుంటున్నారు. నేను అనడం లేదు. అనుకుంటున్నారు.”

మా అమ్మాయి ముఖంలో రక్తం లేదు. నాన్నగారి కాలం నుంచి మా షాపు మీద ఎవరూ అనని మాట అది. ఎదురు షాపాయన తన పని మానేసి మా గుమ్మం వైపు చూస్తున్నాడు. ఏజెన్సీ పోవడం ఒక ఎత్తు. ఆ బోర్డు దించుతుంటే కింద నిలబడి చూడడం తనకి ఇంకో ఎత్తు.

అప్పుడు నేను గోడ పక్క కుర్చీలోంచి లేచాను. ఇది మాత్రం సాగదీస్తున్నది కాదు. మోకాళ్ళు నొప్పి అని కూడా చూడకుండా లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, మేనేజరు కళ్ళలోకి చూసి, “మా అమ్మాయినేమీ అనకండి. సరుకు అసలుదే. తప్పు నాది. పిల్లలకి తప్పు ఆట నేర్పింది నేను” అన్నాను. మా అమ్మాయి నా వంక చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోలేను.

మేనేజరు నమ్మలేదు. “ఎలా పగులుతుందో చూపించండి” అన్నాడు. షాపు నేల మీద సుద్దముక్కతో గిరి గీశాను. మధ్యలో కొత్త తుఫాను బొంగరం పెట్టాను. లక్కబొంగరానికి తాడు చుట్టి, చెయ్యి పైకెత్తి వదిలాను. మొదటి దెబ్బకే ప్లాస్టిక్ ఫట్‌మని చీలింది. సరే, మూడో దెబ్బకి. మొదటిది తలుపుకి తగిలింది, రెండోది మేనేజరు బూటు మీద పడింది. అరవై ఏళ్ళ తర్వాత చెయ్యి ఆ మాత్రం తిరిగిందంటే నాకది చాలు.

చీలిన ముక్కని చేతిలోకి తీసుకుని అతను ఎంతోసేపు తిప్పి చూశాడు. “ఇప్పుడేం చేయాలి అంకుల్? ఇంటింటికీ తిరిగి కొట్టొద్దని చెప్పలేం కదా.”

అంకుల్ తిరిగొచ్చాడు.

దానికి జవాబు చెప్పింది మా అమ్మాయి. ఇందులో నా వాటా ఏమీ లేదు, ఒప్పుకుంటున్నాను. ఏజెన్సీ చేతికొచ్చిన మొదటి వారంలోనే తను ఆ కార్టూను మొత్తం జపాన్ భాషలో, ఒక్క ముక్క అర్థం కాకుండా, ఫోన్‌లో చూసేసింది. అమ్ముతున్నది ఏంటో తెలియకుండా ఎలా అమ్ముతాం అనేది తన పట్టుదల. ఫోను తీసి మేనేజరు ముందు పెట్టింది.

“ఇది చూడండి సార్. పోటీ అయిపోయాక ప్రతిసారీ ఒక ముసలాయన వస్తాడు. హీరో వాళ్ళ తాత. ఆయన ఓడిన బొంగరం ఏరి, తుడిచి, ఓడిన పిల్లాడి చేతిలో పెడతాడు. తెలుగులో ఈ తాత ఏడీ?”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “తాత చేతిలో మన ప్రొడక్ట్ రన్నింగ్‌లో ఉండదు మేడమ్. ఆగిపోయిన బొంగరం కదా. అందుకని కట్ చేశాం. ఆ ముప్పై సెకన్లలో యాడ్ వస్తుంది.”

“మీరు తాతని తీసేశారు. ఓడినవాడి బొంగరం ఏమైందో పిల్లలకి తెలీలేదు. ఆ ఖాళీలో మా నాన్న దూరాడు.”

తాతని వెనక్కి తీసుకురండి, బొంగరాలు పగలవు అని తను చెప్పింది. వాళ్ళ హెడ్డాఫీసుకి అరగంట ఫోనులో అదే మాట మళ్ళీ చెప్పింది. నేను గోడ పక్కన కూర్చుని వింటున్నాను. బేరం గుమ్మం లోపల నిలబడి ఆడే రోజుల్లో మా అమ్మ గొంతు కూడా అంత నెమ్మదిగా, అంత గట్టిగా ఉండేది. చివరికి వాళ్ళు ఒప్పుకున్నారు. తాత మాటలకి ఎలాగూ రికార్డింగు కావాలి, మీరే వచ్చి ఏం చెప్పాలో చెప్పండి అన్నారు.

ఇప్పుడు నా యాభై రెండు భాగాల కథ. మేమిద్దరం హైదరాబాదు వెళ్ళాం. స్టూడియో అంటే మా గోడౌన్‌లో సగం కూడా లేదు. గోడలకి పరుపుల్లాంటివి అంటించారు, ఏసీ మాత్రం నీళ్ళు గడ్డకట్టేంత పెట్టారు. కుర్చీ ప్లాస్టిక్‌ది, ఒక కాలు పొట్టి. డబ్బింగు చూసే మేడమ్ తెర మీద తాతని ఆపి చూపించి, “గడ్డం ఉన్న పాత్రలంటే మాకు పండగ సార్. పెదాలు కనపడవు, ఏ మాటైనా పెట్టుకోవచ్చు. కాకపోతే నాలుగు సెకన్లే” అంది.

వాళ్ళు రాసుకున్న కాగితంలో, ‘ఓ వీరుడా, పరాజయానికి కుంగిపోవద్దు, నీ అంతరాత్మలోని పవనాన్ని మేల్కొలుపు’ అని ఉంది.

“తాత ఇలా మాట్లాడితే మనవడు బొంగరం అక్కడే వదిలేసి పారిపోతాడమ్మా,” అన్నాను.

“మరి మీరు చెప్పండి.”

నేను రైల్లో రాసుకెళ్ళిన ఎనిమిది పాదాల పద్యం తీశాను. మూడో పాదానికే తాత తెర మీద నుంచి వెళ్ళిపోయాడు. మేడమ్ నవ్వు ఆపుకుంటోంది. మా అమ్మాయి ఆపుకోలేదు. “నాన్నా, షాపులో బేరం కుదరనివాళ్ళతో ఏమంటావో అది చెప్పు,” అంది.

మా వర్తకుల ఇళ్ళల్లో గల్లా దగ్గర కూర్చుని కుదరదు, లేదు, పొండి అనరు. సరుకు వాళ్ళకి నచ్చకపోయినా, ధర మనకి నచ్చకపోయినా, ‘రేపు మళ్ళీ రండి’ అంటారు. గాజులు కొనడానికొచ్చి రోజంతా తిట్టిపోసిన ఆవిడతో కూడా మా నాన్నగారు అలాగే అన్నారు. నేను అన్నాను. మా అమ్మాయి అంటోంది.

“ఇదిగో, నీ బొంగరం. రేపు మళ్ళీ రా.”

మేడమ్ గడియారం చూసింది. నాలుగు సెకన్లు.

కార్టూను మొత్తంలో నేను తెలుగు చేసింది ఈ ఆరు మాటలే. యాభై రెండు భాగాల్లోనూ ఆ ఆరు మాటలే వస్తాయి కాబట్టి నేను చెప్పేదాన్ని పూర్తిగా అబద్ధమని అనలేరు. గొంతు కూడా నాది కాదు. నా చేత చెప్పించి చూశారు. చెప్పిన ప్రతిసారీ ఆ చలికి ముందు దగ్గు వచ్చింది, తర్వాత మాట వచ్చింది. పదకొండోసారి మేడమ్ చేతులెత్తేసి, రోజుకి నలుగురు తాతలకి గొంతిచ్చే ఒక ఆర్టిస్టుని పిలిచింది. ముప్పై ఏళ్ళు కూడా లేవతనికి, నోరు తెరిస్తే తొంభై. ఒక్కసారిలో చెప్పేశాడు. మేడమ్ అంతా మళ్ళీ విని, తల అడ్డంగా ఊపి, “దగ్గు లేకపోతే తాత బోసిగా ఉన్నాడు” అంది. కాబట్టి దగ్గు నాది, మాటలు నావి, గొంతు అతనిది.

టోక్యో ఫోను సంగతి కూడా చెప్పేస్తాను. వాళ్ళ కార్టూనులో ఏం కలిపినా జపాన్ వాళ్ళు చూసి సరే అనాలట. వాళ్ళ దగ్గర్నుంచి ఒక ప్రశ్న వచ్చింది, నాకు కాదు, కంపెనీకి. అసలులో తాత ఆరోగ్యంగా ఉంటాడు, మీ దాంట్లో ఎందుకు దగ్గుతున్నాడు అని. మేనేజరు మా అమ్మాయిని అడిగాడు. “మా వైపు పెద్దవాళ్ళు ముఖ్యమైన మాట చెప్పేముందు దగ్గుతారు” అని రాసి పంపించమంది. వాళ్ళు ఒప్పుకున్నారు.

తాత వచ్చిన రెండు వారాలకి, నరసాపురం వైపు షాపులకి సరుకు వేయడానికి మా అమ్మాయి వ్యాన్‌లో వెళుతుంటే నేనూ ఎక్కాను. మొగల్తూరు దగ్గర ఆగాం. సముద్రం గాలి ఉప్పగా కొడుతోంది. వలలు ఆరేసిన ఇసకలో అయిదారుగురు పిల్లలు పళ్ళెం చుట్టూ గొంతుక్కూర్చుని అరుస్తున్నారు. ఒకడి తుఫాను ఆగిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. అక్కడే ఒకడి నిక్కరు జేబులోంచి మా లక్కబొంగరం తాడు వేలాడుతోంది మరి.

గెలిచినవాడు ఓడిన బొంగరాన్ని తీశాడు. చొక్కాకి తుడిచాడు. నిటారుగా నిలబడి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, ఖళ్ ఖళ్ మని గట్టిగా దగ్గాడు. అప్పుడు దాన్ని ఎదుటివాడి అరచేతిలో పెట్టి, “ఇదిగో, నీ బొంగరం. రేపు మళ్ళీ రా” అన్నాడు.

తర్వాతి ఆటలో ఇంకొకడు గెలిచాడు. వాడూ ముందు దగ్గాడు. దగ్గకుండా ఇవ్వబోయిన ఒకణ్ణి మిగతా వాళ్ళు ఆపేసి, “దగ్గలేదురా, చెల్లదు” అని మళ్ళీ ఇప్పించారు.

నేను వ్యాన్ పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను. ఏ ఊరో తెలియని జపాన్ తాత, మా నాన్నగారి గల్లా దగ్గరి మాట, నా పాడు దగ్గు ఆ ఇసకలో కలిసి ఆడుకుంటున్నాయి. ‘అది నా దగ్గేరా’ అని అరవాలనిపించింది. అరిచాను కూడా. పిల్లలు ఒకసారి నా వంక చూసి మళ్ళీ ఆటలో పడ్డారు. మా అమ్మాయి వ్యాన్ తలుపుకి ఆనుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

సెలవులు అయ్యేసరికి పగిలిన బొంగరాలు రావడం ఆగిపోయింది. ఏజెన్సీ ఖాయం చేస్తూ కాగితం వచ్చింది. మేనేజరు స్వయంగా తెచ్చి ఇచ్చి, మా నేల మీద పోకుండా మిగిలిపోయిన గిరిని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడు. మా అమ్మాయి పేరు ఆ బోర్డు మీద ఇప్పటికీ ఉంది. ఇప్పుడు దాని కింద ఇంకో మూడు కంపెనీల గుర్తులు చేరాయి. ఎదురు షాపాయన వాళ్ళ కోడల్ని కిందటేడు గల్లా ముందు కూర్చోబెట్టాడు. అడిగినవాళ్ళకి, ‘నేనే పట్టుబట్టానండీ’ అని చెబుతున్నాడట.

ఇంతవరకు రాసి, మధ్యాహ్నం బేరాలు లేని వేళ మా అమ్మాయికి చదివి వినిపించాను. కొత్త సరుకు పెట్టె విప్పుతూ వింది. అన్నం ముద్ద దగ్గర నవ్వింది. గోతాల సంగతి దగ్గర, “ఇంకో గోతం అలాగే ఉంది, అది కూడా రాయి” అంది. మేనేజరు ముందు నేను లేచి నిలబడ్డ చోటుకి వచ్చేసరికి చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసింది.

“అది కొట్టేయ్ నాన్నా.”

“ఏం, బాగా రాలేదా?”

“బాగానే వచ్చింది. జరగలేదు. చేపలమ్మే ఆవిడ ఆ సాయంత్రమే నాకు చెప్పేసింది. మేనేజరు అడిగినప్పుడు లేచింది నువ్వు కాదు, నేను. ‘మా షాపులోనే నేర్పాం సార్ పిల్లలకి, తప్పు మాది, ఏజెన్సీ తీసుకుంటే తీసుకోండి, డూప్లికేట్ అని మాత్రం అనకండి’ అన్నది నేను. నువ్వు అతని కారు ఆగడం చూసి గోడౌన్‌లోకి వెళ్ళి గోతం వెనకాల కూర్చున్నావ్. మూడోసారి పిలిస్తే వచ్చావ్.”